పదేళ్ళు ఎదురుచూస్తే వచ్చే కారు: ట్రబాంట్ కథ

ఇవాళ్టి ఎపిసోడ్‌లో ఒక కారు గురించి మాట్లాడుకుందాం. ఇంజన్ 26 హార్స్‌పవర్. మన రోడ్ల మీద తిరిగే కొన్ని బైకుల ఇంజన్లకి ఇంతకంటే ఎక్కువ పవర్ ఉంటుంది. పెట్రోల్ ఎంత ఉందో చెప్పే మీటర్ చాలా మోడళ్ళలో లేదు. బానెట్ ఎత్తి, ట్యాంకు మూత తీసి, అందులో కొలత గీతలున్న పుల్ల ముంచి చూసుకోవాలి. పైన కనిపించే పలకలు ఇనుము కాదు, పత్తి పీచుతో చేసిన ఒక రకం ప్లాస్టిక్. స్టార్ట్ చేస్తే వెనకాల నీలం పొగ. ఇలాంటి కారు కావాలన్నా, చేతిలో డబ్బు పట్టుకుని కూడా పదేళ్ళు, ఒక్కోచోట అంతకంటే ఎక్కువే ఎదురుచూడాలి.

ఆ కారు పేరు ట్రబాంట్. ముద్దుపేరు ట్రాబీ. 1949 నుంచి 1990 దాకా తూర్పు జర్మనీ అనే కమ్యూనిస్టు దేశం ఒకటి ఉండేది కదా, అక్కడి మధ్యతరగతి కుటుంబాల కారు ఇది. ప్రపంచంలో చెత్త కార్ల లిస్టు ఎవరు రాసినా ఇది అందులో ఉంటుంది. దాని మీద జోకులు కూడా అన్నీ ఇన్నీ కావు. కానీ ఈ కథని జోకుగా వదిలేస్తే అసలు ప్రశ్న మిస్సవుతాం. ఈ కారు పుట్టిన రోజున చెత్త కారు కాదండీ. మరి ఎలా అయ్యింది? ఎవరు చేశారు? అది చూద్దాం.

కథ జ్విక్కావ్ అనే ఊళ్ళో మొదలవుతుంది. శాక్సనీ రాష్ట్రంలో, చెక్ సరిహద్దుకి దగ్గర్లో ఉంటుంది ఆ ఊరు. 1904లో ఆగస్ట్ హోర్ష్ అనే ఇంజనీర్ తన కార్ల కంపెనీని అక్కడికి తెచ్చాడు. తర్వాత కంపెనీలో పెద్దలతో పడక 1909లో బయటికొచ్చి, అదే ఊళ్ళో ఇంకో కంపెనీ పెట్టాడు. తన పేరు పాత కంపెనీ దగ్గరే ఉండిపోయింది, కొత్తదానికి పెట్టుకునే హక్కు లేదు. జర్మన్‌లో "హోర్ష్" అంటే "విను" అని. దాన్ని లాటిన్‌లోకి మారిస్తే "ఆడి". అవును, మీరు అనుకుంటున్న ఆడినే. ఇవాళ కోటీశ్వరులు కొనుక్కునే కారూ, ట్రబాంటూ ఒకే ఊళ్ళో పుట్టాయి.

అక్కడితో అయిపోలేదు. 1931లో జ్విక్కావ్‌లోని ఆడి ఫ్యాక్టరీలోనే డీకేడబ్ల్యూ అనే కంపెనీ కోసం ఒక చిన్న కారు చేశారు. పేరు ఎఫ్1. రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ ఇంజన్, దాన్ని అడ్డంగా బిగించారు, ముందు చక్రాలే బండిని లాగుతాయి. ఇవాళ మన చిన్న కార్లన్నీ దాదాపు ఇదే పద్ధతి: ఇంజన్ అడ్డంగా, పవర్ ముందు చక్రాలకి. మరుసటి ఏడాది ఆడి, డీకేడబ్ల్యూ, హోర్ష్, వాండరర్ నాలుగూ కలిసి ఆటో యూనియన్ అయ్యాయి. ఆడి గుర్తులో నాలుగు రింగులు ఆ నాలుగు కంపెనీలే.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ ఉమ్మడి ఇల్లు రెండుగా చీలింది. జ్విక్కావ్ సోవియట్ ఆధీనంలోకి వెళ్ళింది. యుద్ధ నష్టపరిహారం కింద ఫ్యాక్టరీల్లో యంత్రాలు ఊడదీసి తీసుకెళ్ళారు. మిగిలినదాన్ని ప్రభుత్వపరం చేశారు. ఆటో యూనియన్ మనుషులు కొందరు పడమటికి వెళ్ళిపోయి, 1949లో ఇంగోల్‌స్టాట్ అనే ఊళ్ళో కంపెనీని మళ్ళీ మొదలుపెట్టారు. అంటే ఒకే వంశం, ఒకే టూ స్ట్రోక్ టెక్నాలజీ, మధ్యలో సరిహద్దు. ఈ ఇద్దరు అన్నదమ్ముల్నీ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తారు.

తూర్పు వాళ్ళకి వచ్చిన మొదటి కష్టం ఇనుప రేకు. కారు బాడీకి వాడే పల్చటి, నాణ్యమైన స్టీల్ రేకు వాళ్ళ దగ్గర తయారవ్వడం తక్కువ. పడమటి దేశాల నుంచి కొందామంటే కోల్డ్ వార్ ఆంక్షలు. అప్పుడు జ్విక్కావ్ ఇంజనీర్లు వేరే దారి వెతికారు. సోవియట్ యూనియన్ నుంచి వచ్చే పత్తి మిల్లుల వ్యర్థం ఉంది. ఆ పీచుని పరుపులా పరిచి, దాంట్లో ఫినాల్ రెజిన్ కలిపి, వేడి ప్రెస్‌లో పెట్టి నొక్కితే గట్టి పలక వస్తుంది. మన పాత ఇళ్ళల్లో నల్లటి బేకలైట్ స్విచ్చులు ఉండేవి చూశారా, ఆ జాతి పదార్థమే, లోపల పత్తి పీచు ఉంటుంది, అంతే తేడా. దాని పేరు డ్యూరోప్లాస్ట్. 1955లో వచ్చిన పి70 అనే కారుకి మొదట వాడారు. తుప్పు పట్టదు, బరువు తక్కువ. చాలామంది అనుకున్నట్టు కారు మొత్తం ప్లాస్టిక్ కాదు. లోపల అస్థిపంజరం స్టీలే, పైన తొడుగు మాత్రం డ్యూరోప్లాస్ట్.

1957 నవంబర్ 7న, అక్టోబర్ విప్లవానికి 40 ఏళ్ళు నిండిన రోజున, కొత్త కారు మొదటి బ్యాచ్ మొదలైంది. సుమారు నెల ముందు స్పుత్నిక్ ఆకాశంలోకి వెళ్ళింది. జర్మన్‌లో "ట్రబాంట్" అంటే ఉపగ్రహం, తోడుగా తిరిగేది అని. పేరు అలా కుదిరింది. మొదటి మోడల్ పి50. 500 సీసీ, 18 హార్స్‌పవర్.

ఈ ఇంజన్ గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. రెండు పిస్టన్లు, రెండు కనెక్టింగ్ రాడ్లు, ఒక క్రాంక్ షాఫ్ట్. ముఖ్యంగా కదిలే భాగాలు ఈ అయిదే అని చెబుతుంటారు. ఫోర్ స్ట్రోక్ ఇంజన్లలో ఉండే లాంటి వాల్వులు లేవు. రేడియేటర్ లేదు, గాలితోనే చల్లబడుతుంది. పెట్రోల్ పంపు కూడా లేదు. ట్యాంకు బానెట్ కింద, ఇంజన్ కంటే ఎత్తులో ఉంటుంది, పెట్రోల్ దానంతటదే కిందికి దిగుతుంది. మన పాత చేతక్, లూనా నడిపినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది: బంకులో పెట్రోల్‌తో పాటు ఆయిల్ కలిపించుకోవాలి. ట్రబాంట్‌కి మొదట్లో 33 పాళ్ళ పెట్రోల్‌కి 1 పాలు ఆయిల్, 1974 నుంచి 50కి 1. ఆ ఆయిల్ కూడా పెట్రోల్‌తో పాటే కాలుతుంది కాబట్టే ఆ పొగ, ఆ వాసన. అలాగే ఢీకొంటే ముందుగా దెబ్బ తగిలే చోట పెట్రోల్ ట్యాంకు ఉండటం అంత మంచి విషయం కాదని వేరే చెప్పక్కర్లేదు.

అయినా 1958 నాటి లెక్కలో చూడండి. అప్పుడు పశ్చిమ జర్మనీలో కూడా చాలామంది బీఎండబ్ల్యూ ఇసెట్టా లాంటి కోడిగుడ్డు ఆకారం బుల్లి కార్లలో తిరుగుతున్నారు. వాటి పక్కన ట్రబాంట్ నలుగురు కూర్చునే, సామాను పట్టే, ముందు చక్రాలు లాగే అసలైన కారు. బ్రిటన్‌లో ప్రఖ్యాత మినీ రావడానికి ఇంకా ఏడాది ఉంది. అందుకే అన్నాను, పుట్టినప్పుడు ఇది చెత్త కారు కాదు అని.

1962లో 600 సీసీ ఇంజన్ వచ్చింది. 1964లో బాడీ మార్చి పి601 తెచ్చారు. మనం ఫోటోల్లో చూసే ట్రబాంట్ అదే. 1969లో పవర్ 26కి పెరిగింది. అక్కడితో ఆగిపోయింది. అదే ఆకారం, అదే ఇంజన్, చిన్న చిన్న మార్పులతో 1990 దాకా. పాతికేళ్ళు!

ఇంజనీర్లు నిద్రపోయారా? లేదండీ. ఇక్కడే కథ అసలు భాగం. చీఫ్ ఇంజనీర్ వెర్నర్ లాంగ్ నాయకత్వంలో జ్విక్కావ్ టీమ్ 1960ల మధ్యలోనే పి603 అనే కొత్త కారు మీద పని మొదలుపెట్టింది. వెనక వాలుగా ఉండి పెద్ద తలుపు తెరుచుకునే హ్యాచ్‌బ్యాక్. నమూనా కార్లు కూడా తయారయ్యాయి. 1960ల చివరికి పైనుంచి ఆర్డర్: ఆపేయండి. తర్వాత చెకొస్లొవాకియాలోని స్కోడాతో కలిసి పి760. అది 1973లో ఆగింది. మళ్ళీ స్కోడాతోనే పి610, ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌తో. 1979లో అదీ ఆగింది. మూడు సార్లు డిజైన్ చేశారు, మూడు సార్లు పార్టీ పైస్థాయి వద్దంది.

ఎందుకు వద్దన్నారు? కొత్త కారంటే కొత్త ప్రెస్‌లు, కొత్త డైలు, కొత్త ఇంజన్ లైను. వాటికి పెట్టుబడి కావాలి, చాలా యంత్రాలకి విదేశీ మారకం కావాలి. దేశం దగ్గర రెండూ కొరతే. ఇళ్ళు కట్టాలి, కరెంటు కావాలి, తర్వాత కంప్యూటర్ చిప్‌లు అన్నారు. ప్రణాళిక కాగితం మీద కారు ఎప్పుడూ చివరి వరుసలోనే. పైగా లెక్క చూసేవాళ్ళకి ఒక సౌకర్యం ఉంది: తయారైన ప్రతి ట్రబాంటూ తయారవ్వకముందే అమ్ముడైపోతోంది. ఇంకా లక్షల మంది క్యూలో ఉన్నారు. అమ్ముడుపోతున్న వస్తువుని ఎందుకు మార్చాలి?

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసిన రోజుల్లో ఇదే మాట వేరే రూపంలో విన్నాను. "సిస్టమ్ నడుస్తోందిగా, తిరగరాయడం ఎందుకు?" అనేవాళ్ళు. కానీ మా క్లయింట్‌కి విసుగొస్తే ఇంకో కంపెనీకి వెళ్ళిపోయేవాడు. తూర్పు జర్మనీ కొనుగోలుదారుడికి వెళ్ళడానికి ఇంకో చోటు లేదు.

ఇప్పుడు ఆ రెండో అన్నదమ్ముణ్ణి చూద్దాం. పడమటి వైపు ఇంగోల్‌స్టాట్‌లో డీకేడబ్ల్యూ కూడా 1960ల దాకా టూ స్ట్రోక్ కార్లే చేసింది. కానీ అక్కడి జనం పొగ, వాసన, ఆయిల్ గోల వద్దనుకున్నారు. డీకేడబ్ల్యూ ఎఫ్102 సరిగ్గా అమ్ముడుపోలేదు. అప్పటికి ఆ కంపెనీ ఫోక్స్‌వ్యాగన్ చేతికి వెళ్తోంది. అదే బాడీలో ఫోర్ స్ట్రోక్ ఇంజన్ పెట్టి, 1965లో పాత పేరు ఒకటి బయటికి తీశారు: ఆడి. 1966లో ఎఫ్102 ఆగిపోయింది. అంటే పడమట టూ స్ట్రోక్‌ని చంపింది ఇంజనీర్ల తెలివి ఒక్కటే కాదు, షోరూమ్‌కి వచ్చి "వద్దు" అని వెళ్ళిపోయిన జనం కూడా. తూర్పున ఆ "వద్దు" అనే మాటకి విలువ లేదు. మీరు వద్దంటే మీ వెనక ఉన్నవాడు సంతోషంగా తీసుకుంటాడు.

ఆ క్యూ ఎలా ఉండేదో చెప్తాను. 18 ఏళ్ళు నిండగానే కారుకి పేరు రాయించుకోవడం మామూలు విషయం. ఇప్పుడే అవసరం ఉందని కాదు, వంతు వచ్చేసరికి పెళ్ళయి పిల్లలు పుడతారని. ఇంట్లో ఒక్కొక్కరి పేరు మీద ఒక్కో నమోదు. దీనివల్ల వింత మార్కెట్ తయారైంది. కొత్త కారు ప్రభుత్వ ధరకే వస్తుంది, కానీ దశాబ్దం తర్వాత. వాడిన కారు ఇవాళే దొరుకుతుంది, కాబట్టి కొత్తదాని కంటే ఖరీదు ఎక్కువ! ఫ్యాక్టరీ ఎంత వేగంగా చేసినా 1980లలో కూడా ఏడాదికి సుమారు లక్షన్నర కార్లు దాటలేదు. డ్యూరోప్లాస్ట్ పలక వేడి ప్రెస్‌లో నిమిషాల కొద్దీ గట్టిపడాలి. స్టీల్ రేకు అయితే ఒక్క దెబ్బకి వంగుతుంది. రేకు కొరతని తీర్చిన తెలివే ప్రొడక్షన్‌కి అడ్డమైంది.

క్యూ దాటే దారులు లేవా అంటే ఉన్నాయి. పశ్చిమ జర్మనీలో చుట్టాలుంటే, వాళ్ళు అక్కడి మార్కుల్లో డబ్బు కడితే, గెనెక్స్ అనే ప్రభుత్వ సంస్థ ద్వారా తొందరగానే కారు వచ్చేది. అందరూ సమానం అనే దేశంలో, పెట్టుబడిదారీ దేశంలో మేనమామ ఉన్నవాడు ముందు. ఇక పార్టీ పెద్దల సంగతి. వాళ్ళు తిరిగింది స్వీడన్ నుంచి తెప్పించిన పొడవాటి వోల్వోల్లో, ఫ్రెంచి సిట్రోయెన్‌లలో. కొత్త ట్రబాంట్‌ని మూడు సార్లు వద్దన్న స్థాయిలో ఉన్నవాళ్ళెవరూ పాత ట్రబాంట్‌లో ఆఫీసుకి వెళ్ళలేదు. 1978 ప్రాంతంలో జనం అసంతృప్తి తగ్గించడానికి ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ కార్లు 10,000 తెప్పించి అమ్మారు. పక్కింటి గోల్ఫ్‌ని చూశాక ట్రబాంట్ ఇంకా పాతగా కనిపించింది, అంతే.

అయితే జనం ఈ కారుని ద్వేషించారా? అది కూడా పూర్తి నిజం కాదు. పదేళ్ళు ఎదురుచూసి తెచ్చుకున్న బండి ఇంట్లో మనిషితో సమానం. విడిభాగాలు దొరకవు కాబట్టి ఎక్కడ ఏది కనిపించినా, అవసరం లేకపోయినా కొని దాచుకునేవాళ్ళు. "నాకు నేనే ఎలా సాయం చేసుకోవాలి?" అనే అర్థం వచ్చే పేరుతో రిపేరు పుస్తకాలు ఉండేవి. ట్రబాంట్ ఉన్న ఇంట్లో ఆ పుస్తకం ఉండాల్సిందే. కారు పైకప్పు మీద విప్పుకునే టెంట్లు కూడా ఉండేవి. కుటుంబమంతా హంగరీలోని బాలటన్ సరస్సుకి సెలవులకి వెళ్ళేది. కష్టాన్ని నవ్వుతూ దాటేసేవాళ్ళు. "ట్రబాంట్ వెనక అద్దానికి హీటర్ ఎందుకు? తోసేటప్పుడు చేతులు వెచ్చగా ఉండటానికి." "ట్రబాంట్ విలువ రెట్టింపు చేయడం ఎలా? ట్యాంకు నింపు."

మనం నవ్వే ముందు మన ఇల్లు కూడా చూసుకోవాలి. లైసెన్స్ రాజ్ రోజుల్లో బజాజ్ చేతక్ కోసం మన దగ్గరా ఏళ్ళ తరబడి వెయిటింగ్. అందుకే కదా కట్నాల్లో స్కూటర్ అంత పెద్ద విషయం. 1950ల నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ డిజైన్‌తో అంబాసిడర్ 2014 దాకా తయారైంది. మనది కమ్యూనిస్టు దేశం కాదు, కానీ కొనేవాడికి ఇంకో దారి లేనప్పుడు జరిగేది అక్కడా ఇక్కడా ఒకటే. మనకి 1983 చివర్లో మారుతి 800 వచ్చింది. వాళ్ళకి వచ్చింది ఇంకో రకం మార్పు.

1984లో తూర్పు జర్మనీ ఫోక్స్‌వ్యాగన్‌తో ఒప్పందం చేసుకుంది, వాళ్ళ ఫోర్ స్ట్రోక్ ఇంజన్ తమ దేశంలో తయారు చేయడానికి. వందల కోట్ల మార్కులు ఇంజన్‌కే అయిపోయాయి, కొత్త బాడీకి డబ్బు మిగల్లేదు. కొత్త ఇంజన్ని దాదాపు 1964 నాటి బాడీలో బిగించారు. ఆ ట్రబాంట్ 1.1 ఫ్యాక్టరీ నుంచి రావడానికి 1990 అయ్యింది. అప్పటికి గోడే లేదు.

1989 వేసవి సెలవులకి హంగరీ వెళ్ళిన కుటుంబాలు చాలా వెనక్కి రాలేదు. సెప్టెంబర్ 11న హంగరీ ఆస్ట్రియా సరిహద్దు తెరిచింది. ట్రబాంట్లు వరసకట్టి పడమటికి కదిలాయి. ప్రాగ్‌లో వేల మంది పశ్చిమ జర్మనీ రాయబార కార్యాలయం గోడ దూకి లోపల తలదాచుకున్నారు. సెప్టెంబర్ 30న వాళ్ళకి వెళ్ళడానికి అనుమతి వచ్చింది. వాళ్ళ ట్రబాంట్లు మాత్రం ప్రాగ్ వీధుల్లో ఎక్కడివక్కడ ఉండిపోయాయి. ఒక్కసారి ఆలోచించండి. పదేళ్ళు ఎదురుచూసి సంపాదించుకున్న వస్తువుని తాళం వేసి, వీధిలో వదిలి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోవడం. ఆ దేశం గురించి ఆ జనం ఏమనుకున్నారో ఆ కార్లు చెబుతాయి. తర్వాత చెక్ శిల్పి డేవిడ్ చెర్నీ నాలుగు కాళ్ళ మీద నడిచే ట్రబాంట్ శిల్పం చేశాడు, ఆ రాయబార కార్యాలయం తోటలో ఉంటుంది. నవంబర్ 9 రాత్రి బెర్లిన్ గోడ తెరుచుకుంది. పడమటి బెర్లిన్ జనం వచ్చే ప్రతి ట్రబాంట్ పైకప్పు మీద చేత్తో తట్టి స్వాగతం చెప్పారు.

ఆ తర్వాత సంగతి అంత అందంగా లేదు. 1990 జూలై 1 నుంచి తూర్పు జర్మనీలో పశ్చిమ జర్మనీ మార్కు వచ్చింది. మొదటిసారి జనం చేతిలో "వద్దు" అనే హక్కు వచ్చింది, దాన్ని ముందుగా వాడింది ట్రబాంట్ మీదే. అందరూ పడమటి సెకండ్ హ్యాండ్ కార్ల వెంట పడ్డారు. పదేళ్ళ క్యూ కొన్ని నెలల్లో మాయమైంది. 1991 ఏప్రిల్ 30న చివరి ట్రబాంట్ బయటికొచ్చింది. మొత్తం 30 లక్షలకు పైగా తయారయ్యాయి. ఫ్యాక్టరీలో పదివేల మందికి పైగా పనివాళ్ళు. ఏ నిర్ణయమూ తమది కాని ఆ జనం ఆ నిర్ణయాల ఫలితం మాత్రం మోశారు. వీధుల్లో వదిలేసిన కార్లు ఇంకో తలనొప్పి: డ్యూరోప్లాస్ట్ కరగదు, తుప్పు పట్టదు, తగలబెడితే విషపు పొగ.

జ్విక్కావ్ మాత్రం కార్లు వదల్లేదు. ఊరి పక్కన మోసెల్‌లో ఫోక్స్‌వ్యాగన్ 1990లోనే పని మొదలుపెట్టింది. 2020 నుంచి అక్కడ ఎలక్ట్రిక్ కార్లు మాత్రమే చేశారు. మూడు సార్లు "ఆపేయండి" అనిపించుకున్న ఊరు, పెట్రోల్ ఇంజన్‌ని పూర్తిగా వదిలేసిన మొదటి పెద్ద ఫ్యాక్టరీల్లో ఒకటి నడిపింది. పాత ఆడి ఫ్యాక్టరీ ఇప్పుడు ఆగస్ట్ హోర్ష్ మ్యూజియం. మెరిసే పాత హోర్ష్ కార్లూ, ట్రబాంట్లూ ఒకే కప్పు కింద ఉంటాయి అక్కడ. వెర్నర్ లాంగ్ 2013లో, 91 ఏళ్ళ వయసులో చనిపోయారు.

ట్రబాంట్‌ని చూసి "కమ్యూనిస్టులకి ఇంజనీరింగ్ రాదు" అనేవాళ్ళు ఉంటారు. నాకు అలా అనిపించదు. రేకు లేకపోతే పత్తితో కారు చేసినవాళ్ళకి ఇంజనీరింగ్ రాదని ఎలా అంటాం? కొనేవాడు కాదనలేడు, చేసేవాడు మారుస్తానంటే పైవాడు ఒప్పుకోడు, ఒప్పుకోని పైవాడు ఆ కారు ఎక్కడు. ఈ మూడూ కలిసిన చోట ఎంత మంచి వస్తువైనా పాతికేళ్ళలో ట్రబాంట్ అవుతుంది. అది కారే కానక్కర్లేదు.

మీ ఇంట్లో ఎవరైనా స్కూటర్ కోసమో, ఫోన్ కనెక్షన్ కోసమో, గ్యాస్ సిలిండర్ కోసమో ఏళ్ళు ఎదురుచూసిన కథలుంటే కామెంట్లలో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.